దోసె తుంచితే ఏడ్చే రెండున్నరేళ్ల బాబు: ఆలోచనలో పట్టువిడుపు పెంచే ఆటలు ఏవి?

ప్రశ్న: నిజాంపేట అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకు రెండేళ్ల ఏడు నెలలు. మాటలు బాగానే వచ్చాయి, నాలుగైదు రంగుల పేర్లు చెబుతాడు, తనకేం కావాలో స్పష్టంగా అడుగుతాడు. అయితే గత మూడు నెలలుగా, ఏ పని అయినా నిన్న ఎలా జరిగిందో ఈ రోజూ అలాగే జరగాలని గట్టిగా పట్టుబడుతున్నాడు. నీళ్లు నీలం గ్లాసులోనే ఇవ్వాలి, లిఫ్టు మీట తానే నొక్కాలి, పార్కుకు పాల బూత్ ముందు నుంచే వెళ్లాలి. వీటిలో ఏది తప్పినా ఆ పూటంతా ఏడుపే.

మొన్న ఉదయం జరిగిన సంగతి చెబితే నా ఇబ్బంది మీకు అర్థమవుతుంది. పెనం మీద నుంచి తీసేటప్పుడు దోసె మధ్యకు చిరిగింది. కంచంలో పెట్టగానే ఆ చిరుగు చూసి "అతికించు" అన్నాడు. అతకదని చెబితే, రెండు ముక్కల అంచులనూ తానే దగ్గరకు జరిపి, అరచేతితో చాలాసేపు అదిమి పట్టుకుని, చెయ్యి తీసి చూశాడు. అవి విడిగానే ఉండేసరికి ఇరవై నిమిషాలు ఏడ్చాడు. ఇంకొకటి వేసి ఇస్తానన్నా వద్దన్నాడు, ఆ దోసె మళ్లీ నిండుగా కావడమే వాడికి కావాలి. వాడు మొండితనం చేస్తున్నట్టు నాకు అనిపించలేదు, నిజంగా తట్టుకోలేకపోతున్నట్టు అనిపించింది.

మా అత్తగారు ఇది వయసుతో పోతుందంటారు. మా ఆడపడుచు ఫ్లాష్ కార్డులు, ఆకారాలు అమర్చే కిట్లు కొని పంపింది, అవి రోజూ చేయిస్తే బుద్ధి వికసిస్తుందని ఆమె నమ్మకం. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి సాయంత్రం ఒక గంట మాత్రం పూర్తిగా వాడితో గడపగలను. పరిస్థితి మారినప్పుడు ఆలోచన కూడా మార్చుకోగలిగే గుణం, అంటే మనం పట్టువిడుపు అనేది, ఈ వయసు పిల్లల్లో ఆటల ద్వారా పెంచవచ్చా? పెంచగలిగితే ఏ ఆటలు ఆడించాలి, ఎంత వరకు ఆశించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం: మానవ వికాసం అధ్యాపకురాలు

అమ్మా, మీ బాబు దోసెను అరచేతితో అదిమి పట్టుకున్నాడని రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. విరిగినదాన్ని మళ్లీ కలపవచ్చన్న ఒక ఊహ వాడికి కలిగింది, దాన్ని చేతితో పరీక్షించాడు, అది పనిచేయలేదు, అప్పుడు ఏడ్చాడు. ఆలోచించే పిల్లవాడు చేసే పనే అది. ఇంకో ఉపాయానికి మారగలిగే శక్తి మాత్రం వాడికి ఇంకా పూర్తిగా రాలేదు. గృహ విజ్ఞాన కళాశాలలో ఈ పాఠం చెప్పేదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మెదడు తనను తాను నడుపుకునే సామర్థ్యాలను ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు, వాటిలో ముఖ్యమైనవిగా మూడింటిని చెబుతారు. తోచిన పనిని వెంటనే చేయకుండా ఆపుకోవడం ఒకటి, విషయాన్ని మనసులో కాసేపు నిలుపుకుని దానితో పనిచేయడం రెండవది, ఒక పద్ధతిని విడిచి మరొక పద్ధతిలోకి మారడం మూడవది. మీరు అడుగుతున్న పట్టువిడుపు ఈ మూడవదే. అది మిగిలిన రెండింటి మీద ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే పాత పద్ధతిని ఆపుకోలేనివాడు, కొత్త పద్ధతిని గుర్తుంచుకోలేనివాడు ఒకదాని నుంచి మరొకదానికి మారలేడు. వీటికి ఆధారమైన మెదడు ముందు భాగం, అంటే నుదుటి వెనుక ఉండే భాగం, ఇరవై అయిదేళ్ల ప్రాయం వరకూ పరిపక్వమవుతూనే ఉంటుంది. రెండున్నరేళ్ల బిడ్డ ఆ దారిలో చాలా మొదట్లో ఉన్నాడు.

ఏది ఆశించవచ్చో రెండు ప్రయోగాల ద్వారా చెబుతాను. ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య పిల్లల ముందు ఒక బొమ్మను ఒక గుడ్డ కింద చాలాసార్లు దాచి, తరువాత వాళ్లు చూస్తుండగానే రెండవ గుడ్డ కింద దాస్తే, చాలామంది మొదటి గుడ్డ కిందే వెతుకుతారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే గమనించాడు. కళ్లతో చూసినా, అలవాటైన చోటికే చెయ్యి వెళుతుంది. రెండవది మనస్తత్వవేత్త ఫిలిప్ జెలాజో, ఆయన సహచరులు 1990 దశకంలో రూపొందించిన చీట్ల ఆట. ఒక పెట్టె మీద నీలం కుందేలు, మరో పెట్టె మీద ఎర్ర పడవ బొమ్మ ఉంటాయి. పిల్లల చేతికి ఎర్ర కుందేళ్లు, నీలం పడవలు ఉన్న చీట్లు ఇస్తారు. ముందు రంగును బట్టి వేయమంటారు, మూడేళ్ల పిల్లలు చక్కగా వేస్తారు. తరువాత, ఇప్పుడు రంగు ఆట కాదు, బొమ్మను బట్టి వేయాలి అని చెబితే, మూడేళ్లవాళ్లలో ఎక్కువమంది ఎర్ర కుందేలును మళ్లీ ఎర్ర పడవ పెట్టెలోనే వేస్తారు. విచిత్రం ఏమిటంటే, కుందేళ్లు ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే వేలితో సరైన పెట్టెనే చూపిస్తారు, చీటీ చేతికి రాగానే మాత్రం పాత పెట్టె వైపే చెయ్యి పోతుంది. నాలుగైదేళ్లు వచ్చేసరికి ఎక్కువమంది మారగలుగుతారు. కాబట్టి "చెబితే అర్థమవుతుంది కదా, ఎందుకు చేయడు?" అనే ప్రశ్న మీ ఇంట్లో వచ్చినప్పుడల్లా ఈ చీట్ల ఆటను తలచుకోండి. తెలియడానికీ, తెలిసినదాన్ని బట్టి నడుచుకోవడానికీ మధ్య ఈ వయసులో చాలా దూరం ఉంటుంది.

ఇక రెండు మూడేళ్ల పిల్లలతో పరిశోధకులు చేయించే తేలికైన ఆట ఒకటి ఉంది, దాన్ని మీ వంటగదిలోనే ఆడవచ్చు. ఒక పెద్ద గిన్నె, ఒక చిన్న గిన్నె తీసుకుని, పెద్ద గరిటెలు పెద్ద గిన్నెలో, చిన్న చెంచాలు చిన్న గిన్నెలో వేయించండి. అది వాడికి బాగా అలవాటయ్యే వరకు, అంటే మూడు నాలుగు రోజులపాటు, మార్చకండి. తరువాత ఒక సాయంత్రం "ఈ రోజు తిరకాసు ఆట, పెద్దవి చిన్న గిన్నెలోకి" అనండి. గరిటె పట్టక బయటికి తొంగిచూస్తుంటే పిల్లలకు నవ్వొస్తుంది, నవ్వు వచ్చినప్పుడు నియమం మారినా భయం వేయదు. వాడు పాత పద్ధతిలోనే వేస్తే "తప్పు" అనకండి. మీరు ఒకటి వేసి చూపించి, వాడి చేతికి ఇంకొకటి అందించండి. ఒక ఆటలో ఒక్క మార్పు చాలు, రెండు మార్పులు కలిపితే ఆట పోయి పరీక్ష మిగులుతుంది.

ఫ్లాష్ కార్డుల గురించి నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. కార్డు చూపించి పేరు చెప్పించడం వల్ల పేర్లు వస్తాయి, అది మంచిదే. కాని ఆ కార్డుకు జవాబు ఒక్కటే, నిన్నటి జవాబే ఈ రోజూ జవాబు. మీ బాబు ఇప్పటికే నిన్నటిలాగే ఈ రోజూ ఉండాలని కోరుకుంటున్నాడు కదా, అదే కోరికను కార్డులు ఇంకా బలపరుస్తాయి. వాటిని పారేయనక్కరలేదు, నేల మీద పరిచి వాటి మీదుగా దూకించండి, ఇళ్లు కట్టించండి.

సమాధానం: అంగన్‌వాడీ టీచర్, జనగామ వైపు

మేడమ్ గారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. పదిహేడేళ్లుగా మా ఊరి కేంద్రంలో పని చేస్తున్నాను. బడి ముందు చదువు మూడేళ్లు నిండినవారికే అయినా, బాలామృతం కోసం వచ్చే తల్లుల చంకల్లో రెండేళ్ల పిల్లలు ఉంటారు, వాళ్లు దిగి మా పిల్లల మధ్యకు వచ్చేస్తారు. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నవచేతన అనే పేరుతో, పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో ఏం చేయాలన్న మార్గదర్శిని విడుదల చేసిన తరువాత, ఆ వయసు పిల్లలతో ఆడటం మా బాధ్యతలో భాగమని మాకు శిక్షణలో చెప్పారు. అంతకుముందు కూడా ఆడేవాళ్లమే, ఇప్పుడు తల్లులను కూడా కూర్చోబెట్టి ఆడిస్తున్నాం.

మా దగ్గర బాగా నడిచేది పీట ఆట. ఒక చెక్క పీట మధ్యలో పెట్టి "ఇది ఏంది?" అని అడుగుతాను. ఒకరు ఎక్కి కూర్చుని బస్సు అంటారు, నేను టికెట్టు కొడతాను. కాసేపటికి పీటను బోర్లా తిప్పుతాను, అది పడవ అవుతుంది, తరువాత బొమ్మకు మంచం అవుతుంది. పీట మారలేదు, మనం దాన్ని చూసే తీరు మారింది. రెండేళ్ల పిల్లలు మొదట్లో "పీట" అనే అంటారు, అన్నా ఫరవాలేదు. పక్కనున్న నాలుగేళ్ల పిల్ల బస్సు అని ఎక్కితే, వాళ్లు కూడా వెనకాల ఎక్కుతారు. పెద్దవాళ్లు పది మాటలతో నేర్పలేనిది, కాస్త పెద్ద పిల్లలు ఒక్క ఆటతో నేర్పడం నేను చాలాసార్లు చూశాను. మీ అపార్ట్‌మెంటులో నాలుగైదేళ్ల పిల్లలు ఉంటే, వారానికి రెండు సాయంత్రాలు వాళ్లతో కలవనివ్వండి.

రెండవది ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు వేరు చేయడం. ఒక బుట్టలో రెండూ కలిపి పెట్టి, ముందు రకాన్ని బట్టి వేరు చేయిస్తాం. అది వచ్చాక, మరో రోజు అదే బుట్టలోంచి పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టిస్తాం. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఒకే కుప్పలోకి రావడం చూసి కొందరు పిల్లలు ఒప్పుకోరు, తీసి మళ్లీ విడిగా పెడతారు. అప్పుడు వదిలేస్తాను. వారం తరువాత అడిగితే పెట్టినవాళ్లున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. చింతగింజలు, శనగలు, బఠానీలు, గవ్వలు మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వవద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో కూడా దూర్చుకుంటారు. పిల్లవాడి పిడికిలిలో పూర్తిగా దాగిపోయే వస్తువు ఏదీ ఈ ఆటలకు పనికిరాదని మా తల్లులకు చెబుతాను.

మూడవది నడక ఆట. పళ్లెం మీద గరిటెతో కొడుతుంటే పిల్లలు నడవాలి, ఆపితే ఆగిపోవాలి. ఆగడం నేర్చుకున్న పిల్లవాడికే మారడం తొందరగా వస్తుందని నాకు అనుభవం మీద తెలిసింది, మేడమ్ గారు రాసిన మూడు సామర్థ్యాలు చదివాక అది ఎందుకో అర్థమైంది. పిల్లలు పెద్దయ్యాక ఆడే నేల-బండ ఆట కూడా ఇదే కదండీ. దొంగ నేల కోరుకుంటే మిగిలినవాళ్లంతా బండ ఎక్కాలి, బండ కోరుకుంటే నేల మీదికి దిగాలి. ఒక్క మాటతో క్షేమమైన చోటు మారిపోతుంది. రెండున్నరేళ్లకు ఆ ఆట రాదు, కాని అన్నయ్య చెయ్యి పట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఉంటే సంతోషపడతారు.

సమాధానం: కాకినాడ నాన్నమ్మ

అమ్మాయీ, మీ అత్తగారి మాట సగం నిజం. వయసుతో పోతుంది, అయితే ఊరికే పోదు, మనం పక్కన కూర్చుంటే పోతుంది.

మా మనవరాలికి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చి ఇచ్చాను. అంకుడు కర్రను మలిచి, లక్కతో రంగు వేసిన చిన్న చిన్న గిన్నెలు, పొయ్యి, తిరగలి, రోలు. వాటితో ఆడే గుజ్జనగూళ్ల ఆటలో అది వంట చేస్తుంది, నేను తినాలి. ఒకరోజు పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. దాని ముఖం చిన్నబోయింది. "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగి ఊరుకున్నాను. అది చాలాసేపు గిన్నె వంక చూసి, ఉత్తుత్తి నీళ్లు పోసి, గరిటెతో తిప్పి, "ఇప్పుడు తిను" అంది. ఆ "ఇప్పుడేం చేద్దాం?" అనే మాట తరువాత నోరు మూసుకుని కూర్చోవడమే మన పని. మనకు ఉపాయం వెంటనే తోచి చెప్పేస్తాం, అప్పుడు పిల్లకు ఆలోచించే అవసరం పోతుంది. లక్కపిడతలే కావాలని లేదు, కొబ్బరిచిప్పలు, ఇత్తడి మూతలు ఉన్నా చాలు, కాకపోతే ఆ పిడతలు పిల్లల చేతికి సరిపడా ఉండి పట్టు చిక్కుతుంది. చిన్న చిన్న మూతలు మాత్రం తీసి దాచిపెట్టాను, టీచరమ్మ చెప్పిన భయమే నాదీ.

కథల సంగతి ఒకటుంది. రోజూ చెప్పే కథలో మనం ఒక్క ముక్క మార్చినా ఈ వయసు పిల్లలు ఒప్పుకోరు, "అలా కాదు" అని దిద్దుతారు. దిద్దనివ్వండి, కథ మొత్తం గుర్తుంటేనే కదా దిద్దగలిగేది. కొన్నాళ్లకు వాళ్లే మారుస్తారు. మా పిల్ల ఒక రాత్రి పిల్లి పాలు తాగి పారిపోయిందన్న చోట, "పాలు తాగి బొజ్జుంది" అని తానే మార్చి, నా ముఖం చూసింది, ఒప్పుకుంటానా లేదా అని. ఒప్పుకున్నాను. మర్నాడు పిల్లి స్నానం కూడా చేసింది. మార్పు చేసే అధికారం ముందు పిల్లల చేతికి ఇస్తే, ఆ తరువాత మనం చేసే మార్పును వాళ్లు ఓర్చుకుంటారు.

మీ దోసెకు నా సలహా ఇది. చిరిగాక ఓదార్చడం కష్టం. చిరగకముందే, వాడు నవ్వుతున్న పూట, "ఈ రోజు దోసెను చందమామ చేద్దామా?" అని అడిగి, వాడి చేతే రెండుగా తుంచించండి.

సమాధానం: బెంగళూరు నాన్న

మా పాపకు మూడేళ్లు. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునే పిల్లలతో కన్నడం. మొదట్లో మేము పిల్లి అంటే, పక్కింటివాళ్లు బెక్కు అంటే, పాప ఇద్దరి మీదా కోపగించుకునేది. తరువాత మేము దాన్నే ఆట చేశాం. గుమ్మం లోపల పిల్లి, గుమ్మం దాటితే బెక్కు. లోపలికీ బయటికీ గెంతుతూ, గెంతినప్పుడల్లా పేరు మార్చి అరిచేది. ఒకే వస్తువుకు రెండు పేర్లుంటాయన్నది అలా దానికి పట్టుబడింది. రెండు భాషలు వస్తే బుద్ధి ఎక్కువవుతుందా అనే చర్చలోకి నేను వెళ్లడం లేదు, పరిశోధకులే దాని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. మా పాప ఆ గుమ్మం దగ్గర పొందిన ఆనందం మాత్రం నేను కళ్లారా చూశాను.

మరో మాట. ఏడుపు ఆపడానికి మేము కొన్నాళ్లు ఫోను ఇచ్చాం. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపవద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సమయం మాట అటుంచితే, ఏడుస్తున్నప్పుడల్లా ఫోను ఇస్తే, అనుకున్నది జరగనప్పుడు ఏం చేయాలో నేర్చుకునే అవకాశం పాపకు ఉండదని మాకు ఆలస్యంగా అర్థమైంది.

నిజాంపేట అమ్మ

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలు ఆడి చూసి రాస్తున్నాను.

గిన్నెల ఆట బాగా సాగింది. తిరకాసు ఆట మొదటి రెండు సాయంత్రాలు ఒప్పుకోలేదు, మూడవ రోజు అట్లకాడను చిన్న గిన్నెలో వేసి, అది గిన్నెతో సహా బోర్లాపడితే పడీ పడీ నవ్వాడు. పీట మా ఇంట్లో ఇప్పుడు లిఫ్టు అయింది, మీట నొక్కే పని ఒకరోజు వాడిది, ఒకరోజు ఎలుగుబంటి బొమ్మది. నీలం గ్లాసు కడగడానికి వేసి ఉంటే నిన్న స్టీలు గ్లాసులో నీళ్లు తాగాడు, నేను ఏమీ అనలేదు.

దోసె సంగతి మాత్రం నాకు పాలుపోవడం లేదు. నాన్నమ్మగారు చెప్పినట్టే వాడి చేత తుంచించాను, చందమామ అని ఎంతో మురిసిపోయాడు. నాలుగు రోజులు చందమామ దోసెలే తిన్నాడు. అయిదవ రోజు మా వారు నిండు దోసె పెడితే, అది చందమామ కాదని ఏడ్చాడు! పాత పట్టు పోయి కొత్త పట్టు వచ్చింది. ఇది ముందడుగేనా?

ఇంకొకటి కూడా అడగాలి. ఇలా పట్టుబట్టడం ఆటిజం లక్షణమని బంధువు ఒకరు అన్నారు, అప్పటి నుంచి మనసు కుదుటపడటం లేదు.

సమాధానం: మానవ వికాసం అధ్యాపకురాలు

ముందు రెండవ ప్రశ్నకు చెబుతాను, ఆ భయం మీ నిద్ర చెడగొడుతుంది కాబట్టి. ఒకే రీతి కావాలని పట్టుబట్టడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్య చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది, దానిని మాత్రమే చూసి ఎవరూ నిర్ణయానికి రాకూడదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, తనకు నచ్చినదాన్ని వేలితో చూపించి మీతో పంచుకోకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఉత్తుత్తి ఆటలు అసలే ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి తోడైతే ఆలస్యం చేయకుండా చూపించాలి. మీ బాబు అట్లకాడ పడితే నవ్వుతున్నాడు, ఎలుగుబంటికి వంతు ఇస్తున్నాడు, ఇవి మంచి సూచనలు. అయినా మనసు ఒప్పుకోకపోతే పిల్లల డాక్టరును అడగండి. ఆటిజం సూచనలున్నాయేమో చూడటానికి తల్లిదండ్రులు నింపే ఎం-చాట్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఉన్నది, మీ బాబుకు ముప్ఫై ఒక నెలలు దాటాయి కాబట్టి డాక్టరు అవసరమనుకుంటే వేరే పరీక్ష సూచిస్తారు. ప్రభుత్వం పిల్లల ఆరోగ్యం కోసం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. చూపించుకోవడం వల్ల పోయేదేమీ లేదు, ఎదుగుదలలో తేడా ఉంటే తొందరగా తెలియడమే బిడ్డకు మేలు.

దోసె విషయంలో మీరు నిరాశపడవద్దు. నెలల తరబడి పట్టుకున్న నియమాన్ని వాడు తన చేతితో వదిలాడు, ఇది ముందడుగే. అయితే మీరందరూ నాలుగు రోజులు చందమామే పెట్టారు కాబట్టి, వాడి దృష్టిలో అదే కొత్త నియమం అయింది. దోసె వేసే ముందు రోజూ "ఈ పూట ఏ దోసె?" అని అడగడం మొదలుపెట్టండి. నిండు దోసె, చందమామ, గొట్టంలా చుట్టింది, ఈ మూడింటిలో వాడు ఏది అడిగితే అది ఇవ్వండి. ఒక్కోసారి వాడిని మీ వారికీ, మీ అత్తగారికీ ఏ దోసె కావాలో అడిగి రమ్మనండి. ఒకే పెనం మీద నుంచి నాన్నకు ఒకటి, నాన్నమ్మకు ఒకటి, తనకు ఒకటి వేర్వేరుగా రావడం వాడు పక్కన నిలబడి చూడాలి. పొయ్యికి మాత్రం కాస్త దూరంగా నిలబెట్టండి.